ఏడో ఫ్లోర్ అక్క

యథార్థాల ఆధారంగా ఒక కథ

(ఈ కథనంలో హోటల్‌కు గానీ, మనుషులకు గానీ పేర్లు పెట్టలేదు. హైదరాబాద్ హోటళ్లలో గదులు సర్దే ఆడవాళ్ల బతుకుల్లో తరచూ కనిపించే సంగతుల్ని ఒక మనిషి చుట్టూ కూర్చి చెబుతున్నాం. చట్టాలు, వాటి లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

సాయంత్రం ఆరూ నలభై. బంజారాహిల్స్‌లో ఒక పెద్ద హోటల్. ఏడో అంతస్తులో 712 గది తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి అడ్డంగా ట్రాలీ. లోపల ఒకావిడ మంచం సర్దుతోంది. హోటల్లో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఎనిమిదేళ్లుగా ఇక్కడే పని, అందులో ఎక్కువ కాలం ఈ ఫ్లోర్‌లోనే. మధ్యాహ్నం ఖాళీ చేయాల్సిన గెస్టు సాయంత్రం ఐదు దాటాక కదిలాడు. ఏడింటికల్లా ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో కుటుంబం దిగుతోంది. 712 అయిందా అని ఫ్రంట్ ఆఫీసు వాళ్లు అప్పటికే రెండుసార్లు అడిగారు.

తెల్ల దుప్పటిని ఒక్క విసురుతో పరిచింది. ఇస్త్రీ మడత గీత సరిగ్గా పరుపు నడుమకు వచ్చి పడింది. కాళ్లవైపు మూల ఎత్తి, ఏటవాలుగా మడిచి, అరచేత్తో పరుపు కిందికి తోసింది. రెండో మూల కూడా అంతే. దిండు గలీబుల నోళ్లు తలుపు వైపు కనిపించకుండా అవతలికి తిప్పింది. ఇవన్నీ ఆలోచించి చేసే పనులు కావు, ఆమె చేతులకు వచ్చేసినవి.

అప్పుడు మంచం పక్కనున్న గడియారం మీద చూపు పడింది. 6.50.

ఏడింటికి బోరబండలో తన ఇంటికి ఫైనాన్సాయన వస్తాడు. ఇంట్లో పద్నాలుగేళ్ల కూతురు ఉంటుంది. భర్త కూడా ఉంటాడు, కానీ వెనక గదిలోంచి బయటికి రాడు.

డ్యూటీ ఎక్కేటప్పుడే సెల్‌ఫోన్లు లాకర్లో పెట్టి రావాలి. గదిలోని ఫోన్ సిబ్బంది వాడకూడదు. ఆ రెండు సంగతులూ ఆమె కొత్తగా చేరిన పిల్లలకు స్వయంగా చెప్పినవే. అయినా రిసీవర్ ఎత్తింది.

“ఏం జేస్తున్నవే?”

“అమ్మా, ఆయన ముందే వచ్చిండు. తలుపు కొడ్తుండు.”

“నాయన ఏడి?”

“లోపల్నే ఉన్నడు. లేస్త లేడు.”

“తలుపు తియ్యకు. అమ్మ రేపిస్తదని కిటికీల కెళ్లి చెప్పు.”

“నిన్న గూడ గదే చెప్పిన గదమ్మా. మస్తు ఒర్లుతుండు. అందరు బయటకొచ్చి చూస్తుండ్రు.”

రెండున్నర నిమిషాల ఫోన్ అది. పెట్టేశాక కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత అదే ఫోన్‌లో ఇంకో నంబరు నొక్కింది. గది సిద్ధమైందని కింద కంప్యూటరుకు చెప్పే కోడ్ అది. ట్రాలీ తోసుకుంటూ 714కు వెళ్లింది.

712 బాత్‌రూంలోకి ఆమె అసలు అడుగే పెట్టలేదు.

ఏడూ పదికి ఆ గదిలోకి వచ్చిన కుటుంబంలో ఏడాది నిండని పాప ఉంది. స్నానం చేయిద్దామని తల్లి బాత్‌రూం తలుపు తీసింది. నేల మీద తడి టవళ్ల కుప్ప. టబ్బులో ఎవరివో వెంట్రుకలు. టబ్బు అంచు మీద వాడి పడేసిన రేజరు. ఆవిడ రిసెప్షన్‌కు ఫోన్ చేసి అరిచిన అరుపులో అన్యాయం రవ్వంత కూడా లేదు. పొద్దుటి నుంచి ప్రయాణం, చంకలో బిడ్డ, వేలకు వేలు కట్టిన గది. ఆ రేజరు పాప చేతికి అంది ఉంటే? అక్క కష్టం చెప్పబోయే ముందు ఈ తల్లి కోపాన్ని ఒప్పుకోవాలి. ఒకరి బాధ పెద్దదని ఇంకొకరి బాధను తేలిక చేయకూడదు.

డ్యూటీ మేనేజర్ పరుగున వచ్చాడు. క్షమాపణ చెప్పి, పై అంతస్తులో పెద్ద గది ఇచ్చి, ఆ పూట భోజనం హోటల్ ఖాతాలో రాశాడు. తెల్లారేసరికి ఆ బాత్‌రూం ఫొటో రివ్యూల్లోకి ఎక్కింది. ఈలోగా టెలిఫోన్ ఆపరేటర్ ఇంకో సంగతి పట్టుకుంది. మనుషులు లేని గది నుంచి బయటి సెల్‌ఫోన్‌కు కాల్ వెళ్లింది. ఒకే సాయంత్రం రెండు తప్పులు, రెండూ మెమో ఇచ్చేవే.

ఇందులో మూడో మనిషి కూడా ఉంది. గది సర్దాక సూపర్‌వైజర్ వెళ్లి చూడాలి, చూశాకే ఫ్రంట్ ఆఫీసుకు అప్పగించాలి. ఆ రోజు ఇద్దరు సెలవు పెట్టడంతో, పాతవాళ్లు సర్దిన గదులు వాళ్లే రెడీ చేసేయండని ఫ్లోర్ సూపర్‌వైజరే చెప్పింది. రాజమండ్రి అమ్మాయి, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వచ్చింది. అక్క కంటే పదేళ్లు చిన్న. తన మెడకూ చుట్టుకుంటుందని ఆమెకు ఆ రాత్రే తెలుసు. అయినా ముందు అక్కను లినెన్ రూంలోకి పిలిచి తలుపు వేసింది. లాండ్రీ నుంచి వచ్చిన టవళ్ల వేడి ఇంకా చల్లారలేదు.

“ఇన్నేళ్లలో మీ మీద ఒక్క కంప్లైంట్ లేదక్కా. ఈ మూడు నెలల్లో ఇది నాలుగోది. ఒంట్లో బాగుండట్లేదా?”

“మంచిగనే ఉన్న మేడం. తప్పయింది. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి, సంతకం పెడ్త.”

“సంతకం తర్వాత పెడుదురు గానీ. ఫోన్ ఎవరికి చేశారు?”

అక్క టవళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. లెక్కపెట్టే అవసరం లేదు.

“బిడ్డకు,” అంది చాలాసేపటికి. “ఇంటికాడ ఒక్కతే ఉంటది.”

ఆ తర్వాత చెప్పుకుంటూ పోయింది. నాలుగు నెలల కింద ఎర్రగడ్డ దగ్గర భర్త నడిపే ఆటో బోల్తా పడింది. కుడి మణికట్టు విరిగింది. రాత్రిపూట పక్కింటివాళ్లు దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, బిల్లు 45,000. చిట్టీ ఎత్తితే 20,000 వచ్చింది. కమ్మలు కుదువ పెడితే 7,000. మిగతా డబ్బు కోసం బస్తీలో తిరిగే గిరిగిరి ఫైనాన్స్ దగ్గరికి పోయింది.

గిరిగిరి అంటే హైదరాబాద్ బస్తీల్లో తెలియని ఇల్లుండదు. అక్క 20,000 అప్పు రాయించుకుంది. ఫైనాన్సువాళ్లు ముందే 2,000 పట్టుకుని 18,000 చేతిలో పెట్టారు. రోజుకు 200 చొప్పున 100 రోజులు కట్టాలి. ఒక్కరోజు తప్పినా దానికి పైన జరిమానా. ఆమె జీతం 16,000, రోజు లెక్కన 530 చిల్లర. ఆటో కిరాయిది కాబట్టి ప్రమాదం జరిగిన రోజుతోనే భర్త సంపాదన ఆగిపోయింది. ఆ 530లోంచి 200 సాయంత్రం ఏడింటికి గుమ్మం దగ్గరే పోతుంది.

“ఆయన్ని ఈఎస్ఐకి ఎందుకు తీసుకెళ్లలేదక్కా?”

“అది కంపెనీలల్ల పనిజేసేటోళ్లకు గద మేడం.”

సూపర్‌వైజర్‌కు నోట మాట రాలేదు. అక్క జీతం కాగితంలో నెలనెలా ‘ఈఎస్ఐ’ అని రాసి 120 రూపాయలు పట్టుకుంటున్నారు. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవాళ్లు ఈ ఉద్యోగుల బీమా పథకం కిందికి వస్తారు. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. అంటే ఆమె 120 కడుతుంటే, ఆమె పేరు మీద హోటల్ 520 కడుతోంది. ఉద్యోగికే కాదు, భార్యకో భర్తకో, పిల్లలకూ వైద్యం అందాలి. ఎప్పుడో కాదు, ఉద్యోగంలో చేరిన రోజు నుంచే. పైగా సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి బోరబండకు కూతవేటు దూరం. ఆటో బోల్తా పడిన ఎర్రగడ్డకైతే ఇంకా దగ్గర.

భర్త పేరు ఈఎస్ఐలో ఎక్కి ఉండి, ఆ రాత్రి ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి ఉంటే 45,000 బిల్లు లేదు. గిరిగిరి లేదు. బిడ్డ కిటికీలోంచి అబద్ధాలు చెప్పాల్సిన పనీ లేదు. డబ్బు పోతోందని అక్కకు తెలుసు, ఎందుకు పోతోందో ఎనిమిదేళ్లలో చెప్పినవాళ్లు లేరు. ఆమె పేరున ఈఎస్ఐ నంబరు ఉంది గానీ కుటుంబ సభ్యుల వివరాలు ఎక్కించాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇలాంటి ఖాళీలు మన హోటళ్ల ఆఫీసుల్లో ఎన్ని ఉన్నాయో అనుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. షాంపూ బుడ్డి ఏ వైపు తిప్పి పెట్టాలో గంటసేపు నేర్పుతారు. ప్రాణం మీదికొస్తే ఏ ఆస్పత్రికి పోవాలో ఐదు నిమిషాలు చెప్పలేరా?

ఇక షిఫ్టుల సంగతి. ఒక వారం పొద్దున ఏడు నుంచి నాలుగు. ఇంకో వారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది. పొద్దుటి వారంలో ఐదున్నరకల్లా ఇల్లు చేరుతుంది. ఫైనాన్సాయన వచ్చినప్పుడు గుమ్మంలో తనే నిలబడుతుంది. ఆ రోజు గెస్టులిచ్చిన టిప్పులతో కలిపి రెండు వందలు లెక్కపెట్టి ఇస్తుంది. తక్కువైతే తనే మాట పడుతుంది. సాయంత్రం వారంలో ఆ మాటలన్నీ బిడ్డ పడుతుంది. మొదట్లో భర్తే బయటికొచ్చి మాట్లాడేవాడు. ‘ఆడదాని సంపాదన మీద కూసున్నవ్’ అని బస్తీ అంతా వినేలా ఒకరోజు ఫైనాన్సాయన అన్నాడు. అప్పటి నుంచి సాయంత్రమైతే భర్త వెనక గది దాటడు.

రాత్రి పదికి డ్యూటీ దిగితే హోటల్ క్యాబ్ ఐదుగురు ఆడవాళ్లను దింపుకుంటూ పోతుంది. బోరబండ చివరిది. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. సాయంత్రం వారం ముగిసి పొద్దుటి వారం మొదలయ్యే రోజు ఇంకా అన్యాయం. రాత్రి పదికి దిగిన మనిషి మళ్లీ తెల్లారి ఏడుకు యూనిఫాంలో బ్రీఫింగ్‌లో ఉండాలి. మధ్యలో ఉన్నవి తొమ్మిది గంటలు. అందులోనే ప్రయాణం, వంట, నల్లా వచ్చే రోజైతే నీళ్లు పట్టడం. పడుకునేది నాలుగు గంటలు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వర్తించే 1988 నాటి షాపులు, సంస్థల చట్టం వారానికి 48 గంటలే పని అంటుంది. రోస్టర్ ఆ 48 దాటలేదు. కాగితం మీద గంటల లెక్క సక్రమమే.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1983లో ఒక పుస్తకం రాశారు, ‘ద మేనేజ్డ్ హార్ట్’. విమానాల్లో పనిచేసే అమ్మాయిల చిరునవ్వు కూడా జీతం తీసుకుని చేసే పనేనని, ఆ నవ్వు తెచ్చుకోవడానికి మనసు లోపల ఎంతో చాకిరీ జరుగుతుందని అందులో చూపించారు. 1989లో ‘ద సెకండ్ షిఫ్ట్’ వచ్చింది. ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఇంటికొచ్చాక ఎత్తుకునే రెండో డ్యూటీ గురించి. హోటల్లో గది సర్దే మనిషికి ఈ రెండూ ఉన్నాయి. అయితే రిసెప్షన్‌లో అమ్మాయి ముఖం వాడితే గెస్టుకు కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఏమ్మా అంటారు. అక్క ముఖం గెస్టుకు కనిపించదు. ఆమె దుఃఖం కనిపించాల్సి వస్తే కడగని బాత్‌రూంలోనే కనిపిస్తుంది.

అక్కతో మాట్లాడిన ఆ రాత్రి క్యాబ్ వెళ్లిపోయాక సూపర్‌వైజర్ బేస్‌మెంట్ ఆఫీసులో మూడు నెలల కంప్లైంట్ల రిజిస్టర్, రోస్టర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. అక్క మీద వచ్చిన నాలుగు కంప్లైంట్లలో నాలుగూ సాయంత్రం షిఫ్టు వారాల్లోవే. నాలుగూ ఆరు దాటాక జరిగినవే. పొద్దుటి వారాల్లో రోజుకు పద్నాలుగు గదులు సర్దింది, ఒక్క మాట రాలేదు. అదే మనిషి, అదే పని, అవే చేతులు.

సూపర్‌వైజర్ అక్కడితో ఆగలేదు. మిగతావాళ్ల పేర్లూ చూసింది. రెస్టారెంట్‌లో ఒక స్టీవార్డ్ ఆర్డర్లు తారుమారు చేస్తాడని పేరు పడింది. తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున తండ్రిని అక్కడ దింపి నేరుగా బ్రేక్‌ఫాస్ట్ డ్యూటీకి వచ్చే రోజుల్లోనే ఆ పొరపాట్లు. బెల్ డెస్క్‌లో ఒక కుర్రాడు ఆలస్యంగా వస్తాడని మూడు మెమోలు. భార్య పురిటికి పోయింది, రెండేళ్ల పిల్లవాణ్ణి పక్కింట్లో అప్పగించి రావాలి, పక్కింటావిడ ఏడున్నర దాకా తలుపు తీయదు. ఇవన్నీ తోటివాళ్లకు తెలిసిన సంగతులే. రిజిస్టర్లో మాత్రం ‘నిర్లక్ష్యం’ అని ఒక్క మాటే ఉంది.

హెచ్.ఆర్. గదిలో విచారణ రెండు రోజుల తర్వాత జరిగింది. మేనేజర్ దుర్మార్గుడేమీ కాదు. మూడు వందల మంది సిబ్బంది, పైన యజమానులు, రోజూ రివ్యూలు చూసి ఫోన్ చేసే పెద్ద ఆఫీసు. ఆయన తలనొప్పులు ఆయనకున్నాయి.

“చూడమ్మా, ఇంటి సమస్యలు గేటు బయట వదిలి లోపలికి రావాలి. ఇది నేను మొదటిరోజే చెప్తాను.”

అక్క తల వంచుకుని నిలబడింది. సూపర్‌వైజర్ రోస్టర్ కాగితాలు టేబుల్ మీద పెట్టింది.

“వదిలి రావడానికి ఆమె ఇంట్లో ఆ టైముకు ఎవరో ఒకరు ఉండాలి కదా సార్. మనమే ఆమెను అప్పుడు ఇక్కడ ఉంచాం. ఈ తేదీలు చూడండి.”

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఒకరికి షిఫ్టు మారిస్తే రేపు అందరూ క్యూ కడతారు.”

“కట్టనివ్వండి సార్. మన దగ్గరికొచ్చి అడిగితే ఏదో ఒకటి చేయగలం. అడగడానికి చోటు లేకే అది గెస్టు బాత్‌రూందాకా వెళ్లింది.”

నేను ఈ కథ రాయడానికి కారణం ఆ జవాబే. ఇంటి గొడవలు పనిలోకి మోసుకొస్తారని మేనేజర్లు విసుక్కుంటారు. అక్క విషయంలో ముందు పనే ఇంట్లోకి జొరబడింది. ఆటో బోల్తా పడటం ఇంటి కష్టం. అది అప్పుగా మారడం వెనక హోటల్ చెప్పని ఒక వివరం ఉంది. ఆ అప్పు బిడ్డ నెత్తిన పడటం వెనక హోటల్ వేసిన ఒక షిఫ్టు ఉంది. ఇట్లాంటి మనిషికి ధైర్యవచనాలు చెప్పే కౌన్సిలర్‌ను పెడితే సరిపోదు. ఓపిక పట్టమనడం అంతకంటే పనికిరాదు. ఆమెకు కావాల్సింది సాయంత్రం ఏడింటికి తన ఇంట్లో తను ఉండటం.

చివరికి ఏం జరిగిందంటే, అక్కకు హెచ్చరిక మెమో ఇచ్చారు. ఆమె మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది, పెట్టాల్సిందే కూడా. చూడకుండా గది అప్పగించినందుకు సూపర్‌వైజర్‌కూ మెమో వచ్చింది. మూడు నెలలపాటు అక్కకు పొద్దుటి షిఫ్టే ఖాయం చేశారు. ఆమె సాయంత్రాలు తీసుకోవడానికి శ్రీకాకుళం కుర్రాడొకడు ముందుకొచ్చాడు. యూసుఫ్‌గూడలో నలుగురితో గది పంచుకుని ఉంటాడు, పెళ్లి కాలేదు. ‘పొద్దున్నే లెగడం నావల్ల కాదు మేడం, నాకిదే బాగుంటది’ అన్నాడు.

మధ్యలో రోజులు తప్పడంతో గిరిగిరి అప్పులో అప్పటికి 12,000 మాత్రమే తీరింది. మిగిలిన 8,000 హోటల్ జీతం అడ్వాన్సుగా ఇచ్చింది, నెలకు 1,000 చొప్పున కోసుకుంటారు. దానికి వడ్డీ లేదు, గుమ్మం ముందు అరుపులు లేవు. ఆ డబ్బు ఫైనాన్సాయన చేతిలో పెట్టిన రోజు అక్క బస్తీలో అందరి ముందూ నిలబడి అప్పు కాగితం చింపించిందట.

హెచ్.ఆర్. గుమాస్తా వారంపాటు మధ్యాహ్న భోజనం వేళ స్టాఫ్ క్యాంటీన్‌లో కంప్యూటర్ పెట్టుకుని కూర్చుని, ఒక్కొక్కరి ఈఎస్ఐ వివరాల్లో కుటుంబ సభ్యుల పేర్లు ఎక్కించాడు. మొదటిరోజే లైన్ కిచెన్ గుమ్మందాకా పోయింది. హౌస్‌కీపింగ్ డెస్క్ నంబరు ఇళ్లలో ఇచ్చుకోమన్నారు. ఇంటి నుంచి అర్జెంటు ఫోన్ వస్తే ఫ్లోర్‌కు కబురు పంపుతారు, మనిషి కిందికొచ్చి మాట్లాడొచ్చు. ఇంత చిన్న ఏర్పాటు కోసం ఇంత జరగాల్సి వచ్చింది.

అక్క భర్త ఇప్పుడు సనత్‌నగర్‌లో ఫిజియోథెరపీకి పోతున్నాడు. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, ఆటో హ్యాండిల్ తిప్పడానికి టైం పడుతుంది. కానీ సాయంత్రం వెనక గదిలోంచి బయటికొచ్చి కూర్చుంటున్నాడు. కూతురు మాత్రం ఇప్పటికీ ఎవరు తలుపు కొట్టినా ముందు కిటికీలోంచి చూస్తుంది. ఆ భయం అడ్వాన్సుతో పోయేది కాదు.

ఈ మధ్య అక్క ఒక గదిలో టీ పొడి ప్యాకెట్లు పెట్టడం మర్చిపోయింది. గెస్టు ఫోన్ చేస్తే తెచ్చి ఇచ్చింది. మామూలు మరుపు, ఎవరికైనా ఉండేదే. ఆమె సర్దిన గదుల మీద ఇంకో మాట రాలేదు.

సూపర్‌వైజర్ తన డిపార్ట్‌మెంట్‌లో రెండు నియమాలు తెచ్చుకుంది. రోస్టర్ పది రోజుల ముందే అంటిస్తారు. రాత్రి పదికి దిగినవాళ్లకు తెల్లారి ఏడు డ్యూటీ వేయరు. బెల్ డెస్క్ కుర్రాడికి డ్యూటీ ఎనిమిదికి మారింది, మెమోలు ఆగాయి. స్టీవార్డ్ విషయం తేలలేదు. అతను రెస్టారెంట్ మనిషి, అక్కడి మేనేజర్ ఒప్పుకోలేదు. కిచెన్‌లో అయితే ఆదివారం డ్యూటీల రోస్టర్ ఇప్పటికీ శనివారం రాత్రి పదింటికే గోడకెక్కుతోంది. దోశ మాస్టర్ భార్యకు ఈ నెలలో కాన్పు. ఏ రోజు సెలవు దొరుకుతుందో అతనికింకా తెలియదు. సూపర్‌వైజర్ ఆ కాగితం కూడా పట్టుకుని మళ్లీ హెచ్.ఆర్. గదికి వెళ్లింది.